రైతుకు నవలలెందుకని అడిగినోళ్ళకు

ఈరోజు శనగ రేటు గురించి గానీ, బోర్ల గురించి గానీ రాయడం లేదు. దానికోసం వచ్చినోళ్ళు కూడా లేచి పోవద్దండి, కొంచేపు కూర్చోండి. ఒక తగువు ఉండాది. అది మీతోనే.

నా కాలు సంగతి మీలో చానామందికి తెలుసు. ఉగాది పోయిన పది రోజులకు ట్రాలీ మీద నిలబడి దిబ్బెరువు దించుతా జారి పడినా. మోకాలి కింద ఎముక విరిగింది. నెల పైన సిమెంటు కట్టు. వేపచెట్టు కింద మంచం, మంచం కింద చెంబు, చేతిలో సెల్లు. నాలుగు రోజులకే సెల్లు చూసి చూసి కండ్లు మండినాయి. కడపలో ఒక ప్రైవేటు బడిలో చెప్పే మా పాప శనివారం వచ్చి, ఒక సంచి నిండా పుస్తకాలు మంచం కోడు కాడ పెట్టి, "నాయనా, ఇవి చదువు, ఊరికే అమ్మ మీద అరవొద్దు" అని చెప్పి పోయింది. ఏడు నవలలు. నెల లోపల ఏడూ అయిపోయినాయి. ఒక దాంట్లో మాత్రం కొన్ని పేజీలు తిప్పేసినా, అది తర్వాత చెప్తా.

ఇంటర్ తప్ప చదువు లేనోణ్ణి. ఇంటర్ చదివేటప్పుడు నంద్యాలలో అద్దె పుస్తకాల అంగడి ఉండేది, రోజుకు పావలా. యండమూరి 'తులసిదళం' చదివి రాత్రి ఒంటికి లేచి బయటికి పోవాలంటే భయపడినోణ్ణి. ఆ తర్వాత సేద్యంలోకి దిగినాక పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, పురుగుమందు డబ్బా మీది కాగితం, ఇంతే నేను చదివింది. ముప్పై ఐదేండ్లు. అందుకే ఈ నెల నాకు పెద్ద సంగతి.

మల్ల తగువు ఏందంటారా? చూడను వచ్చినోళ్ళు అందరూ ఒకే మాట. "ఏమప్పా, పరీక్షలు రాస్తాండావా?" "పుస్తకం చదివితే పైరు పచ్చబడుతుందా?" ఒక పెద్దాయన, పేరు చెప్పను, నాకు వరుసకు మామ, ఇట్లన్నాడు: "నవలలు పని లేనోళ్ళు చదివేటివి రా. రైతుకెందుకు?" ఆరోజు నా నోట మాట రాలే. కాలు నొప్పి ఒకపక్క, ఆయనకు మజ్జిగ ఇచ్చే తొందర ఒకపక్క. ఇప్పుడు జవాబు చెప్తాండా. మామా, నువ్వు చదవవు. నీ మనవడు చదివి వినిపిస్తాడులే.

మొదటి మాట. మనం కథ లేకుండా ఏనాడు బతికినాం? మా తాత చెనిక్కాయ కళ్ళం కాడ రాత్రంతా తోలుబొమ్మలాట చూసి తెల్లారి మడక కట్టినాడు. బ్రహ్మంగారి నాటకం ఆడితే మూడు ఊర్ల జనం బండ్లు కట్టుకొని పోయినారు. అప్పుడు ఎవురన్నా అడిగినారా, నాటకం చూస్తే పైరు పచ్చబడుతుందా అని? ఇప్పుడైనా, రాత్రి అన్నం తిన్నాక గంటన్నర మంచం మీద పడుకొని బొటనవేలుతో రీల్సు తోసేది ఎవురు? టీవీలో కోడలి మీద అత్త విషం పెట్టే సీరియల్ కోసం ఎనుము పాలు పిండేది ఆలస్యం చేసేది ఎవురు? కథ మనకు కావల్ల. ఎవురి కథ అనేదే తగువు.

రెండో మాట కొంచెం కారంగా ఉంటుంది, ఓర్చుకోండి.

కట్టు కట్టించుకున్న ఆస్పత్రిలో పక్క మంచం మీద ఉన్న మనిషి ఈ సీమవాడు కాదు, యాపారం మీద వచ్చి యాక్సిడెంటు అయినవాడు. మంచోడే. రెండో రోజు చనువు పెరిగినాక గొంతు తగ్గించి అడిగినాడు, "అన్నా, మీ ఊళ్ళల్లో ఇండ్లల్లోనే బాంబులు పెట్టుకుంటారంట గదా?" నాకు కోపం రాలే. సిగ్గేసింది. ఆయనకు ఆ మాట ఎవురు చెప్పినారు? 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చింది, 2002లో 'ఇంద్ర' వచ్చింది, వాటి ఎనకాల అట్లాంటివి ఇంకెన్నో. టాటా సుమోలు గాల్లోకి లేచినాయి. ఆ సినిమాలకు టౌనుకు పోయి చొక్కాలు చించుకొని ఈలలు వేసినోళ్ళలో నేనూ ఉండా. ఈరోజుకీ మన పిల్లోళ్ళు ఆ డైలాగులు పెట్టి, ఎర్రకండువా వేసుకొని, చేతిలో కొడవలి పట్టుకొని రీల్సు చేస్తాండారు. ఆ కొడవలితో ఒక్క మొన జొన్న కోసినోడు లేడు.

బాంబు చప్పుడు నేను వినలేదని అనను. మా మేనమామ ఊర్లో రెండు పార్టీలు ఉండినాయి. చచ్చినోళ్ళు ఉండారు. చచ్చినోళ్ళు ఎవురంటే, పెద్దిండ్ల ముందర కాపలా పండుకున్న కూలోళ్ళ పిల్లోళ్ళు. పెద్దోళ్ళ పిల్లోళ్ళు బెంగుళూర్లో చదువుకున్నారు. అది కూడా నిజమే, రాయాల్సిందే. అయితే నాకు 56 ఏండ్లు. ఇన్నేండ్లలో ఈ మండలంలో మనుషుల్ని ఎక్కువగా తిన్నది కత్తి కాదు. ఎండిన బోరు, నూటికి మూడు రూపాయల వడ్డీ, షెడ్డులో మూలకు పెట్టిన మందు డబ్బా. దాని మీద సినిమా యాడ ఉండాది? దాంట్లో సుమో లేచేది లేదు గదా.

ఆ కథలు నవలల్లో ఉండాయప్పా. నేను చెప్పేది అదే. మన బతుకు రాసి అచ్చేసి పెట్టినారు. హైదరాబాదోళ్ళు చదివినారు, అమెరికాలో ఉండేవాళ్ళు చదివి బహుమతులు ఇచ్చినారు, కాలేజీల్లో దాని మీద పరీక్షలు రాసినారు. చదవనిది మనమొక్కరమే.

'కొండపొలం' తీసుకోండి. రాసింది సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారు, మన కడప జిల్లా కలసపాడు వైపు మనిషి, బడిపంతులు. 2019లో తానా వాళ్ళు నవలకు పెద్ద బహుమతి ఇచ్చినారు, 2021లో క్రిష్ సినిమా తీసినాడు. సినిమా మీలో కొందరు చూసింటారు. పుస్తకం వేరే. కరువొచ్చి ఊర్లో కసువూ నీళ్ళూ లేకపోతే గొర్లను నల్లమలలోకి తోలుకొని పోయేది మనకు కొత్తా? మా ఎదురింటి యాదవుల ముసలాయన మూడుసార్లు పోయొచ్చినోడు. పులి కండ్లు రాత్రి ఎట్ల కనపడతాయో ఆయన చెప్తే విన్నోణ్ణి. పుస్తకంలో గొర్లు మంద కట్టేది, మోపు మోసేది, కాలికి ముల్లు దిగితే తీసుకునేది చదువుతాంటే నాకు ఆ ముసలాయన గొంతే వినపడింది. ఆయనకు ఒక రోజు నాలుగు పేజీలు చదివి వినిపించినా. వింటా వింటా ఒక తావ ఆపి, "ఆ వాగు కాడ అట్ల దిగకూడదు, ఎవురో తెలిసినోడే చెప్పింటాడు గానీ రాసేటప్పుడు మరిచిపోయినాడు" అన్నాడు. ఆయన చెప్పింది ఒప్పో తప్పో నాకు తెలీదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ పుస్తకాన్ని అంతమంది మెచ్చుకున్నారే, అట్లాంటి మాట చెప్పగలిగినోడు వాళ్ళల్లో ఒక్కడు కూడా ఉండడు. చెప్పగలిగినోడు నా ఎదురింట్లో ఉండాడు, ఆయనకు ఆ పుస్తకం ఉందనే తెలీదు.

కేశవరెడ్డి గారివి మూడు చదివినా. చిత్తూరు జిల్లాలో పుట్టి, డాక్టరయి, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి ఆస్పత్రిలో కుష్టు రోగులకు వైద్యం చేస్తా బతికిన మనిషి. 2015లో పోయినారు. దేశం ఆ చివర ఉండి కూడా ఎక్కువగా రాసింది పుట్టిన సీమనే. 'అతడు అడవిని జయించాడు'లో ఒక ముసలాయన, ఈనబోయే పంది, అడవి. మనుషులు లేరు, మాటలు లేవు, రేయి గడిచేలోపు కథ అంతా అయిపోతుంది. ఈనబోయే ఎనుము రాత్రి కట్టుగొయ్య తెంపుకొని పోతే లాంతరు పట్టుకొని తిరిగినోళ్ళకు ఆ పుస్తకం చెప్పాల్సిన పని లేదు, చదివితే చాలు. చివరికి ఏమయ్యిందో చెప్పను.

'మునెమ్మ' మాత్రం నేనొక్కణ్ణే చదవలే. మా ఇంటామెకు చదువు రాదు. సాయంత్రం పూట చెనిక్కాయలు ఒలుస్తా కూర్చుంటే చదివి వినిపించినా. మొగుడు గిత్తను సంతకు తోలుకొని పోతాడు. గిత్త ఒక్కటే తిరిగొస్తుంది. మొగుడు రాడు. మునెమ్మ ఎతకను పోతుంది. మూడు సాయంత్రాలు పట్టింది. రెండో రోజు నేను పొద్దుపోయిందని పుస్తకం మూస్తే, "ఎనుముకు కుడితి పెట్టొస్తా, మూయొద్దు" అనింది. ముప్పై ఏండ్ల కాపురంలో నేను చెప్పే మాటకు ఆమె అట్ల ఎదురుచూసింది మొదటిసారి. నవల పనికిరాదంటారు మీరు!

ఆమెకే 'మట్టిమనిషి' కూడా వినిపించినా. అది వాసిరెడ్డి సీతాదేవి గారు 1972లో రాసింది, గుంటూరు వైపు కథ. సాంబయ్య అనే రైతు గింజ గింజ కూడబెట్టి పొలం కొంటాడు. కొడుకును పెద్దింటి పిల్లకు ఇచ్చి చేస్తాడు. కోడలు వరూధిని పట్నం పోదామంటుంది. పొలం అంతా పట్నంలో కరిగిపోతుంది. నేను సాంబయ్య పక్కన నిలబడి చదివినా. చదివేటప్పుడు గొంతు పూడుకుపోయింది. మా ఇంటామె మాత్రం ఒలిచే చెయ్యి ఆపకుండా, "ఆ కోడల్ని చెడ్డదంటాండావు. ఆ పిల్లకు ఏమి కావల్నో ఆ ఇంట్లో ఒక్కరన్నా అడిగినారా? నన్ను మీ నాయన అడిగినాడా?" అనింది. సాంబయ్య పక్కన నిలబడినోణ్ణి, అట్లనే నిలబడిపోయినా. ఈ మాట మీదే మేము రెండు రోజులు మాట్లాడుకోలే. మల్ల మాట్లాడుకున్నాములే.

'గోదాన్' ప్రేమ్‌చంద్ గారిది, 1936 నాటి హిందీ నవల, తెలుగులో చదివినా. దీంట్లోనే పట్నం దొరల కబుర్లు వచ్చినప్పుడల్లా పేజీలు తిప్పేసినా, ఆయన ఆత్మ నన్ను మన్నించల్ల. హోరీ అనే రైతుకు ఇంటి ముందర ఒక ఆవు ఉండల్లని ఆశ. అంతే. అప్పు చేసి ఆవును తెస్తే, సొంత తమ్ముడే విషం పెడతాడు. అప్పు మీద అప్పు. చివరికి ఎర్రటెండలో రోడ్డుకు కంకర కూలి చేస్తా వడదెబ్బకు పడిపోతాడు. ఆ పేజీ చదివే రోజు మా ఊర్లో ఉపాధి పనికి పోయినోళ్ళు పన్నెండు గంటలకు గుడ్డ నెత్తిన వేసుకొని నా మంచం ముందర నుంచే పోతాండారు. దాంట్లో నాలుగెకరాల పట్టా ఉన్న రైతులు ముగ్గురు ఉండారు. తొంభై ఏండ్ల కిందటి పుస్తకం.

అయితే నేను నవలలకు దండం పెట్టి కూర్చోలే. రాసేవాళ్ళ మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉండాది, అది చెప్పకపోతే ఈ తగువు సగమే అవుతుంది.

చూడండి. హోరీ చచ్చిపోతాడు. 'మూగవాని పిల్లనగ్రోవి'లో బక్కిరెడ్డికి పొలం చేజారిపోతుంది, పొలం పోయినా ఆ మనిషి ఆ మట్టిని వదల్లేడు, దాంతోనే పోతాడు. 'కొండపొలం'లో పిల్లోడు గొర్ల ఎనకాల అడవికి పోయి ధైర్యం నేర్చుకొని ఫారెస్టు ఆఫీసరు అవుతాడు. మంచిదే, సంతోషం. కానీ ఆ గొర్లు ఎవురు తోలల్ల? అంటే నవలలో రైతుకు రెండే దోవలు. చచ్చేది, లేకపోతే కొడుకు ఆఫీసరయ్యేది. చావకుండా, ఆఫీసరు కాకుండా, ఏటా ముంగారుకు గొర్రు కట్టి, ఒక ఏడు పోయి, ఒక ఏడు వచ్చి, అప్పు కొంచెం తీర్చి కొంచెం చేసి, కూతురి పెండ్లి చేసి, ఇంకా అదే నేలలో ఉండే నాలాంటోడు యాడ? ఈ ఊర్లో ఎక్కువమంది అట్లాంటోళ్ళమే గదా! 'మట్టిమనిషి'లో చివరికి మనవడు తాత మట్టిలోకి తిరిగొస్తాడు, ఆ ఒక్కదాంట్లో కొంచెం ఊపిరి ఆడింది. అది కూడా వచ్చేంతవరకే రాసినారు. వచ్చినాక వాడు ఆ పొలంలో ఎట్ల బతికినాడో ఇంకో నవల రాయల్ల.

ఎందుకట్ల అని మంచం మీద చానా ఆలోచన చేసినా. ఈ రాసినోళ్ళంతా ఉద్యోగస్తులు. డాక్టరు, పంతుళ్ళు, సర్కారు ఉద్యోగం చేసిన ఆమె. ప్రేమ్‌చంద్ కూడా పంతులే. చదువుకొని, ఊరు దాటినాక ఎనక్కి తిరిగి చూసి రాసినారు. దాటిపోయినోడికి ఉన్నోడు రెండు రకాలుగానే కనపడతాడు, పాపం అని, లేకపోతే ఎందుకింకా ఉండాడు అని. వాళ్ళ తప్పు కాదు ఇది. వాళ్ళే లేకపోతే ఆ మాత్రం కూడా లేదు. తప్పు మనది. మనం రాయం. రాసింది చదవం. చదివి, "అయ్యా, ఈ తావ మీరు రాసింది సరిలేదు" అని ఒక కార్డు ముక్క కూడా రాయం. మన పొలం సర్వేకు వస్తే గట్టు మీద నిలబడి జానెడు జరగనియ్యం. మన బతుకు కొలిచేటప్పుడు మాత్రం ఇంట్లో పడుకుంటాం.

ఇంకో మాట కూడా విన్నా, "నవలలు మనయి కావు, అవి కోస్తా చదువరుల యవ్వారం" అని. ఇది చదువుకున్న పిల్లోడే అన్నాడు. వానికి ఇది చెప్తాండా. తెలుగులో మొట్టమొదటి నవల ఏది అని పండితులు ఇప్పటికీ కొట్లాడుకుంటారు. కందుకూరి వీరేశలింగం గారి 'రాజశేఖర చరిత్ర' 1878ది. దానికన్నా ఆరేండ్ల ముందు, 1872లోనే, 'శ్రీరంగరాజ చరిత్ర' వచ్చింది. దాంట్లో కథానాయిక సోనాబాయి, లంబాడీ తండాలో పెరిగిన పిల్ల. రాసిన నరహరి గోపాలకృష్ణమ చెట్టి గారు మన కర్నూలు జిల్లా డిప్యూటీ కలెక్టరు. 1886లో కర్నూలు జిల్లా మాన్యువల్ అని, ఈ జిల్లా నేలలూ పంటలూ కాలవలూ కరువులూ అన్నీ లెక్కలతో రాసి పెట్టింది ఆయనే. ఆ రెండు పుస్తకాల మధ్యనే ధాత కరువు వచ్చింది. 1871 లెక్కల్లో కర్నూలు జిల్లా జనం తొమ్మిది లక్షల పైన. 1881 లెక్కలకు ఏడు లక్షల లోపు. పదేండ్లలో పావు వంతు జనం లేరు. నవల రాసిన చెయ్యే జిల్లా లెక్క కూడా రాసింది. ఆ లెక్కలో పోయిన పావు వంతులో మన తాతల తాతలు ఎంతమందో! వాళ్ళ కథ ఎవురూ రాయలే. రాయని దానికి అంకె ఒకటే మిగిలింది.

కరువుల కథ కావల్నంటే 'శప్తభూమి' చదవండి. అనంతపురం బండి నారాయణస్వామి గారిది, ఆయనా పంతులే. పద్దెనిమిదో శతాబ్దం, హండె రాజుల కాలం. 2019లో కేంద్ర సాహిత్య అకాడెమీ వాళ్ళు ఇచ్చినారు దీనికి. మొదట నలభై పేజీలు నాకు మనుషుల పేర్లు కలిసిపోయినాయి, ఒక కాగితం మీద రాసుకొని చదివినా. ఆ తర్వాత వదల్లే. రాజుల పేర్లు చెప్పుకొని మీసం తిప్పేవాళ్ళకు ఆ పుస్తకం నచ్చదు, ఎందుకంటే అది రాజుల కింద నలిగినోళ్ళ వైపు నుంచి రాసింది. మన కులాల గురించి కూడా మనకు నచ్చని మాటలు ఉండాయి. నాకూ రెండు తావుల మండింది. మండినా పుస్తకం మూయలే.

ఇప్పుడు పుస్తకాలు యాడ దొరకతాయని అడుగుతారు. ఈ ప్రశ్న కోసమే కాచుకోని ఉండా.

మీ ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. గ్రంథాలయ సెస్సు అని ఒక గీత ఉంటుంది. పన్ను రూపాయికి 8 పైసలు. 1960 గ్రంథాలయాల చట్టం నాటి నుంచి మనం కడతానే ఉండాం. అంటే, చదవని మనమే లైబ్రరీకి దుడ్లు కడతాండాం. నేను కట్టు మీద ఉండి పక్క ఊరి లైబ్రరీకి పిల్లోణ్ణి పంపిస్తే, తాళం ఉందని తిరిగొచ్చినాడు. ఇంకోరోజు పంపిస్తే తెరిచి ఉందంట, పేపర్లు ఉండాయంట, బీరువాకు తాళమంట, తాళంచెవి ఉన్నాయన యాడికో పోయినాడంట. బీరువా అద్దంలో నుంచి చూస్తే చెదలు పట్టిన సంపుటాలు కనపడినాయంట. ఆ ఊరి పేరు చెప్పను, మీ ఊర్లోది కూడా అట్లనే ఉంటుంది.

మన కర్నూల్లోనే గదప్పా గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు పుట్టింది. 1908లో పత్రికలో రాసిన రాతకు జైలుకు పోయిన మనిషి. బయటికొచ్చినాక ఆయన పెట్టుకున్న పెద్దపని ఏందంటే, ఊరూరా గ్రంథాలయం ఉండల్ల, పెద్దోళ్ళకు కూడా చదువు రావల్ల అని తిరిగేది. ఆయన విగ్రహానికి దండ వేసేవాళ్ళు ఉండారు. ఆయన పుట్టిన జిల్లాలో బీరువా తాళం తీసేవాళ్ళు లేరు. కడపలో బ్రౌన్ దొర బంగళా ఉన్న తావున ఆయన పేరుతో పెద్ద లైబ్రరీ ఉండాది, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు తిరిగి తిరిగి నిలబెట్టింది. అది పరిశోధన చేసేవాళ్ళకు బంగారం. కానీ చాగలమర్రి అవతల పల్లెలో ఉండే రైతు ఒక నవల కోసం బస్సెక్కి కడపకు పోతాడా?

అందుకే, వచ్చే గ్రామసభలో సిమెంటు రోడ్డు గురించి, వీధిలైట్ల గురించి అడిగినట్ల లైబ్రరీ బీరువా తాళం గురించి కూడా అడగండి. దుడ్లు మనయి. అడిగితే నవ్వుతారు. నవ్వనియ్యండి. నేను అడుగుతా, కట్టు తీసినాక.

ఇంక ఇంటి సంగతి ఒకటి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించినా. రాస్తాండా.

నాకు 4 ఎకరాల 30 సెంట్లు. దాంట్లో రోడ్డు పక్కది రెండెకరాలు. దానికి బేరం వచ్చింది. ప్లాట్లు వేస్తారంట. మా వాడు బెంగుళూర్లో ఉండాడు, స్నేహితునితో కలిసి అంగడి పెడతానంటాండాడు. వాడు చెడ్డోడు కాదు. తాగడు, తిరగడు. "నాయనా, ఆ రెండెకరాల్లో ఐదేండ్లలో నీకు మిగిలింది ఎంతో కాగితం మీద రాసి చూపించు" అన్నాడు. రాసినా. 650 అడుగుల బోరు, అది ఎండినాక ఇంకో బోరు, విత్తనం, మందులు, ట్రాక్టరు బాడుగ, రెండేండ్లు వాన లేదు, ఒక ఏడు వాన ఎక్కువయి శనగ కుళ్ళింది. మిగిలింది ఏమీ లేదు, మూడు లక్షల అరవై వేల అప్పు ఉండాది. కాగితం మీద వాడే గెలిచినాడు. కట్టు తీసిన రోజు రిజిస్ట్రారు ఆఫీసుకు పోయి సంతకం పెడదామనే అనుకున్నా. అనుకున్న రెండు రోజులకు పాప సంచి తెచ్చింది.

'మూగవాని పిల్లనగ్రోవి' చిన్న పుస్తకం. ఒక మధ్యాహ్నం మొదలుపెట్టి దీపాలు పెట్టేలోపు అయిపోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలే. బక్కిరెడ్డికి, నాకు పోలిక లేదు. ఆయన పొలాన్ని అప్పు లాక్కుంది, నా పొలాన్ని నేనే ఇస్తాండా. అయినా ఆ రాత్రి ఆ రెండెకరాల్లో ఒక్కొక్క తావు కండ్ల ముందర నిలబడింది. ఈశాన్యం మూల రాయి, మా నాయన కాలు కోసుకుపోయిన రాయి. నడుమ పల్లం, వాన పడితే మోకాలి లోతు నీళ్ళు నిలిచేది. చింతచెట్టు, దాని కిందనే మా వాడు చిన్నప్పుడు ఉయ్యాల ఊగింది. ఈ లెక్క నేను వాడు అడిగిన కాగితంలో రాయలే. రాయొచ్చని కూడా నాకు తెలీదు.

అమ్మకూడదని నేను తీర్మానం చేయలే. అప్పు అప్పే. పుస్తకం అప్పు తీర్చదు, మామ అడిగిన దాంట్లో ఆ ముక్క నిజమే. వానికి ఫోన్ చేసి ఒకటే చెప్పినా. "సంతకం పెట్టమంటే పెడతా రా. ముందు నువ్వు వచ్చి ఈ పుస్తకం చదువు. చదివినాక కూడా అమ్మమంటే అమ్ముదాం." కొంచేపు వాడేమీ మాట్లాడలే. తర్వాత, "పీడీఎఫ్ ఉందా నాయనా?" అన్నాడు. లేదన్నా. ఉందో లేదో నాకు తెలీదు గానీ లేదన్నా. ఈ ఆదివారం వస్తాండాడు. పుస్తకం నా దిండు కింద ఉండాది.

మిగతావి ఇంట్లోనే ఉండాయి. కావల్సినోళ్ళు వచ్చి తీసుకొని పోండి. 'కొండపొలం' ఎదురింటి ముసలాయన మనవడు తీసుకున్నాడు, రాత్రిపూట తాతకు చదివి వినిపిస్తాండాడు, వాళ్ళది అయ్యేదానికి వారం పడుతుంది. 'మునెమ్మ' మా ఇంటామె చెల్లెలి ఊరికి పోయింది, ఎప్పుడొస్తుందో చెప్పలేను. 'శప్తభూమి', 'మట్టిమనిషి', 'గోదాన్', 'అతడు అడవిని జయించాడు' ఉండాయి. అట్టలు చింపొద్దు, పేజీ మడవొద్దు, చెనిక్కాయలు తింటా నూనె చేత్తో పట్టుకోవద్దు. పాప పుస్తకాలు అవి, నన్ను అడుగుతుంది.